మాటలతో ఆడే ఆటకు పటం ఎలా గీయాలి?

అలిపిరి నుంచి తిరుమలకు ఎప్పుడైనా నడిచి వెళ్ళారా? సుమారు 3,550 మెట్లు ఎక్కాలి. దారిలో గాలిగోపురం వస్తుంది. ఆ తరువాత మోకాళ్ళ పర్వతం, చివరకు తిరుమల. ఈ దారిని మీరు కంప్యూటరులో ఒక ఆటగా మార్చవచ్చు. బొమ్మలు అక్కరలేదు, మాటలు చాలు. కంప్యూటరు మీరున్న చోటును వర్ణిస్తుంది. మీరు ‘పైకి’ అని టైపు చేస్తే తరువాతి చోటికి చేరుస్తుంది.

ఇలాంటి ఆటలకు దారి చూపినవాడు విల్ క్రౌథర్ అనే అమెరికన్. ఆయన ప్రోగ్రాములు రాసేవాడు. గుహలలో తిరిగి వాటి పటాలు తయారుచేయడంలోనూ ఆసక్తి ఉండేది. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహ ఆధారంగా 1976 ప్రాంతంలో ‘అడ్వెంచర్’ అనే ఆట రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దానిని ఇంకా పెంచాడు. గుహ వర్ణనలనూ దారుల పట్టికనూ ప్రోగ్రాము నుంచి వేరుచేసి, మరొక ఫైలులో ఉంచడం ఆ ఆటలోని తెలివి. మనమూ అలాగే చేద్దాం.

ఆటలోని ప్రతి చోటునూ ‘గది’ అందాం. దానికి గోడలు ఉండాలనేమీ లేదు. మన పట్టిక ఇది:

అలిపిరి – పైకి: గాలిగోపురం
గాలిగోపురం – పైకి: మోకాళ్ళ పర్వతం, కిందికి: అలిపిరి
మోకాళ్ళ పర్వతం – పైకి: తిరుమల, కిందికి: గాలిగోపురం
తిరుమల – కిందికి: మోకాళ్ళ పర్వతం, మెట్టుదారి: శ్రీవారి మెట్టు
శ్రీవారి మెట్టు – పైకి: తిరుమల

తిరుమల వరసను గమనించారా? అక్కడి నుంచి దిగే దారులు రెండు. రెండింటికీ ‘కిందికి’ అనే పేరే పెడితే ఎటు పంపాలో కంప్యూటరుకు తెలియదు. అందుకే రెండవ దారికి వేరే పేరు పెట్టాం. ఒక గదిలో ఒక మాటకు ఒకే దారి ఉండాలి.

ఇక ప్రోగ్రాము చేయవలసిన పని కొంచెమే. ‘ప్రస్తుత గది’ అనే చలరాశిలో మొదట అలిపిరి ఉంటుంది. ప్రోగ్రాము ఆ గది వర్ణనను చూపాలి. ఆటగాడి మాటను చదవాలి. ఆ గది వరసలో ఆ మాట ఉంటే చలరాశిని మార్చాలి. లేకపోతే ‘అటు దారి లేదు’ అనాలి. మళ్ళీ మొదటికి రావాలి. బ్రౌజరులో ఆడాలంటే ఈ నియమాలను జావాస్క్రిప్టులో రాస్తే సరిపోతుంది. రేపు వంద గదులు చేర్చినా ఈ నియమాలు మారవు. పట్టిక మాత్రమే పెరుగుతుంది.

అయితే ఒక ప్రమాదం ఉంది. చివరి వరస రాయడం మరిచారనుకోండి. శ్రీవారి మెట్టుకు దిగిన ఆటగాడు ఇక అక్కడే చిక్కుకుపోతాడు! నిజమైన మెట్లు ఎక్కడానికీ దిగడానికీ పనికివస్తాయి. కానీ కంప్యూటరుకు తెలిసింది పట్టిక ఒక్కటే. వెళ్ళే దారినీ వచ్చే దారినీ విడివిడిగా రాయాలి.

ఇప్పుడు ఆటలో ఒక చిక్కుముడి పెడదాం. రాత్రివేళ, గాలిగోపురం దాటి పైకి పోవాలంటే చేతిలో లాంతరు ఉండాలి. ఆ లాంతరును మోకాళ్ళ పర్వతం దగ్గర దాచితే ఏమవుతుంది? లాంతరు కోసం పైకి వెళ్ళాలి. పైకి వెళ్ళడానికి లాంతరు కావాలి. ఎంత తెలివైనవాడైనా ఈ ఆట గెలవలేడు. తప్పు ఆడేవాడిది కాదు, పటం గీసినవాడిది.

దీనిని ముందే పట్టుకోవడానికి చింతగింజలు చాలు. గదులను కాగితం మీద గీసి, దారులను బాణాలతో కలపండి. అలిపిరిలో ఒక గింజ పెట్టండి. లాంతరు లేకుండా బాణాల వెంట చేరగల ప్రతి గదిలోనూ ఒక్కొక్క గింజ పెడుతూ పొండి. ఇక కొత్త గది దొరకనప్పుడు ఆగండి. గింజ ఉన్న గదులు రెండే – అలిపిరి, గాలిగోపురం. లాంతరు ఈ రెండింటిలో ఒకచోట ఉండి తీరాలి.

ఇక మీ బడినే ఆటగా మార్చండి. ఎనిమిది గదులు, ఒక తాళం, ఒక తాళంచెవి చాలు. ముందు పట్టిక, తరువాత గింజలు, ఆ తరువాతే ప్రోగ్రాము. గీసిన పటాన్ని మీ స్నేహితునికి ఇచ్చి, చిక్కుకుపోయే గది ఏదైనా ఉందేమో వెతకమనండి.