దిల్‌సుఖ్‌నగర్ ఏ గడిలో ఉంది?

తెల్లవారకముందే దిల్‌సుఖ్‌నగర్ రోడ్లు ఊడ్చేవాళ్లను మీరు చూసే ఉంటారు. ఎల్.బి.నగర్ కాలనీల్లో దోమల మందు పొగ వదిలేవాళ్లను, ఇంటిపన్ను వసూలుకు వచ్చే బిల్ కలెక్టరును కూడా చూసి ఉంటారు. నెల తిరిగేసరికి వీళ్లందరికీ జీతం అందాలి. ఆ డబ్బులో మీ ఇంట్లోవాళ్లు కట్టిన ఇంటిపన్ను కూడా ఉంది. మరి ఎవరికి ఎంత ఇస్తున్నారో మనం తెలుసుకోవచ్చునా?

తప్పకుండా తెలుసుకోవచ్చు. 2005 అక్టోబరు 12న అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టంలో 4వ సెక్షన్ అని ఒకటి ఉంది. ప్రతి ప్రభుత్వ సంస్థా తన అధికారుల, ఉద్యోగుల జాబితాను, వారిలో ఒక్కొక్కరికీ నెలకు వచ్చే వేతనాన్ని తనంతట తానే ప్రకటించాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఎవరో అర్జీ పెట్టేదాకా ఆగనవసరం లేదన్నమాట.

అయితే ప్రకటించడం వేరు, పనికొచ్చేటట్టు ప్రకటించడం వేరు. వెయ్యి కాగితాల కట్ట మీ ముందు పడేస్తే అందులో ఏం వెతుకుతారు? సమాచారాన్ని పట్టికగా అమర్చాలి. ఆ అమరికకు ఒక శాస్త్రం ఉంది. అదేమిటో చూద్దాం.

మొట్టమొదటి ప్రశ్న: ఒక అడ్డువరుస దేనిని లెక్కిస్తుంది? మనిషినా, ఉద్యోగాన్నా, ఒక నెల జీతాన్నా? ‘ఒక వరుస అంటే ఒక మనిషికి ఒక నెలలో ఇచ్చిన జీతం’ అని పెట్టుకుంటే, ఏడాదికి ఒక్కొక్కరికి 12 వరుసలు వస్తాయి. ఈ సంగతి తెలియక వరుసలన్నీ లెక్కపెట్టి, ‘ఇంతమంది ఉద్యోగులా!’ అని ఆశ్చర్యపోతే పొరపాటు పట్టికది కాదు, మనదే.

రెండవది, మనిషిని గుర్తించడం. పేరు చాలదు. ఒకే పేరుతో నలుగురు ఉండవచ్చు. వరుస సంఖ్యలు కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి. 2007 ఏప్రిల్ 16న హైదరాబాదు నగరపాలక సంస్థలో చుట్టుపక్కల ఉన్న 12 పురపాలక సంఘాలను కలిపి ‘గ్రేటర్ హైదరాబాద్’ సంస్థను ఏర్పాటు చేశారు. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొని ఉన్న గడ్డిఅన్నారం ఆ పన్నెండింటిలోవే. వేర్వేరు ఆఫీసుల రిజిస్టర్లలో ప్రతిదానిలోనూ 17వ నంబరు ఉద్యోగి ఒకరు ఉంటారు కదా! అన్నిటినీ ఒకచోట చేర్చితే ఆ 17లన్నీ కలగాపులగం అయిపోతాయి. అందుచేత సంస్థ మొత్తం మీద ఇంకెవరికీ లేని సంఖ్య ప్రతి ఉద్యోగికీ ఒకటి ఉండాలి. బదిలీ అయినా, ప్రమోషన్ వచ్చినా ఆ సంఖ్య మారకూడదు.

అన్నిటికంటే చిక్కు తెచ్చేవి ఊళ్ల పేర్లు. దిల్‌సుఖ్‌నగర్ అంటే తెలియని హైదరాబాదు వాడు ఉండడు. బస్సు డిపో ఉంది, మెట్రో స్టేషను ఉంది. కాని 2020 నగరపాలక ఎన్నికలనాటి 150 వార్డుల జాబితా తీసి చూడండి. చైతన్యపురి ఉంది, గడ్డిఅన్నారం ఉంది, మూసారాంబాగ్ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ మాత్రం లేదు! ఎల్.బి.నగర్‌ది దీనికి సరిగ్గా తిరకాసు. ఆ పేరుతో 2007 దాకా ఒక పురపాలక సంఘం ఉండేది. తరువాత ఒక సర్కిల్, ఆ సర్కిల్‌తోపాటు కాప్రా, ఉప్పల్, హయత్‌నగర్, సరూర్‌నగర్ సర్కిళ్లను కలుపుకొన్న ఒక జోన్, ఒక శాసనసభ నియోజకవర్గం, ఒక మెట్రో స్టేషను కూడా ఆ పేరుతోనే వచ్చాయి. వీటి హద్దులు ఒకటి కావు. కాబట్టి జీతాల పట్టికలో ‘ఎల్.బి.నగర్’ అని ఊరికే రాసి ఉంటే అది సర్కిలా, జోనా అని అడగాల్సిందే.

దీనికి విరుగుడు ఏమిటంటే, ప్రధాన పట్టికలో పేరు బదులు ఒక కోడ్ రాస్తారు. ఆ కోడ్‌కు అర్థం చెప్పే చిన్న పట్టిక విడిగా ఉంటుంది. అందులో ‘ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు’ అన్న గడి తప్పనిసరి. ఎందుకంటే హద్దులు మారుతూనే ఉంటాయి. 2025 చివరలో మరో 27 పట్టణ స్థానిక సంస్థలను కలిపినప్పుడు జోన్లు, సర్కిళ్లు, వార్డులు అన్నీ తిరగరాశారు. తేదీ లేని కోడ్ తలుపు నంబరు లేని చిరునామా వంటిది.

ఇక జీతం సంగతి. దీన్ని ఒక్క అంకెగా రాయకూడదు. మూల వేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం దేని గడిలో అది ఉండాలి. 2021 నాటి తెలంగాణ వేతన సవరణ ఉత్తర్వుల్లో అతి తక్కువ మూల వేతనం 19,000 రూపాయలు. గ్రేటర్ హైదరాబాదులో ఇంటి అద్దె భత్యం అందులో 24 శాతం, అంటే 4,560 రూపాయలు. కరువు భత్యం ధరలను బట్టి ఏడాదికి రెండుసార్లు లెక్కకు వస్తుంది. భాగాలు తెలిస్తే మొత్తం కట్టగలం. మొత్తం ఒక్కటే ఇస్తే భాగాలు విడదీయలేం.

ఇది మన దగ్గరి సమస్యే కాదు. న్యూయార్క్ నగరం ఏటా ప్రకటించే జీతాల పట్టికలో ‘ఏ లెక్కన’ అని ఒక గడి ఉంటుంది. ఏడాదికా, రోజుకా, గంటకా అన్నది అందులో రాస్తారు. ఆ గడి చూడకుండా అంకెలు పోల్చితే గంట కూలీ ఏడాది జీతం పక్కన చేరి నవ్వులపాలు చేస్తుంది.

ఇప్పుడు అసలైన చిక్కుకు వద్దాం. మన నగరంలో వీధులు ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది సంస్థ ఉద్యోగులు కారు. పొరుగు సేవల పద్ధతిలో పనిచేసేవాళ్లు. ఉద్యోగుల జీతాల పట్టిక అంటే వీళ్లు అందులో ఉండకపోవచ్చు. అప్పుడు ఏమవుతుంది? ఒక ఆఫీసును ఊహించుకుందాం. (అంకెలు లెక్క కోసమే.) ఒక అధికారికి 1,60,000, ముగ్గురు పర్మనెంటు కార్మికులకు తలా 40,000, ఆరుగురు పొరుగు సేవల కార్మికులకు తలా 16,000 రూపాయలు. ఉద్యోగుల పట్టికలో నాలుగు వరుసలే ఉంటాయి. సగటు 70,000! పదిమందినీ చేర్చితే సగటు 37,600. ఆ 37,600 జీతం నిజానికి ఎవ్వరికీ లేదు. పదిమందిని జీతం క్రమంలో నిలబెట్టి మధ్యలో ఉన్నవాళ్లను అడిగితే 16,000 అంటారు. దీన్నే మధ్యగతం అంటారని మీ లెక్కల పుస్తకంలో చదివే ఉంటారు. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. కాని 70,000 చదివినవాడికి, 16,000 చదివినవాడికి ఆ ఆఫీసు ఒకేలా కనిపిస్తుందా?

పట్టిక తయారుచేసేవాళ్లు ‘ఇందులో ఎవరెవరు లేరు’ అన్న మాటను పైనే రాయాలి. నా దృష్టిలో అన్ని గడులకంటే అదే ముఖ్యం. అలాగే బ్యాంకు ఖాతా నంబరు, ఇంటి చిరునామా, ఆధార్ సంఖ్య ఆ పట్టికలోకి రానేకూడదు. ప్రజలకు తెలియవలసింది జీతం; మనిషి ఇంటి గుట్టు కాదు.

ఇక మీ వంతు. ఈ మూడు వరుసలు కూడా ఊహించినవే. వీటిని జాగ్రత్తగా చూడండి.

ఉద్యోగి 214, ఎల్.బి.నగర్, పారిశుధ్య కార్మికుడు, ఆగస్టు, 31,000
ఉద్యోగి 214, సరూర్‌నగర్, పా.కార్మికుడు, ఆగస్టు, 31,000
ఉద్యోగి 388, ఎల్.బి.నగర్ సర్కిల్, పారిశుధ్య కార్మికుడు, ఆగస్టు, 620

214 ఒక మనిషా, ఇద్దరా? ఒకరికి రెండు జీతాలు వెళ్లాయా, లేక బదిలీ అయిన నెలలో ఒకే జీతాన్ని రెండు ఆఫీసులూ రాసుకున్నాయా? 620 నెల జీతమా, రోజు కూలీయా? ఆగస్టు సరే, ఏ సంవత్సరం? ఇవి కాక ఇంకా కనీసం రెండు ప్రశ్నలు ఈ మూడు వరుసల్లోనే దాగి ఉన్నాయి. వెతకండి.