పాత్రలో ఏముందో చూడండి, లెక్క వచ్చేస్తుంది

ప్రశ్నపత్రంలో ‘ఒక పాత్రలో 40 లీటర్ల పాలు ఉన్నాయి’ అని కనిపించగానే పేజీ తిప్పేస్తున్నారా? ఇవాళ్టితో ఆ అలవాటు మానేయండి. మీకు లెక్కలు రాకపోవడమేమీ లేదు. ప్రశ్న సగం చదవగానే ఫార్ములా కోసం వెతుకుతున్నారు. అదీ అసలు సమస్య.

వెతకొద్దు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఒక్కటే అడగండి: ఇప్పుడు పాత్రలో ఏముంది?

పోటీ పరీక్షల్లో తరచూ వచ్చే లెక్కే చూద్దాం. 40 లీటర్ల పాలలోంచి 4 లీటర్లు తీసి, అన్ని నీళ్లు పోశారు. ఇలా మొత్తం మూడుసార్లు చేశారు. పాలు ఎన్ని మిగిలాయి?

తొందరపడేవాళ్లు 12 తీసేసి, 28కి టిక్ పెట్టేస్తారు. ఆప్షన్లలో 28 ఉండే ఉంటుంది. పేపర్ తయారుచేసేవాళ్లకు మన తొందర బాగా తెలుసు మరి!

మీరు ఆగండి. మొదటిసారి తీసింది అచ్చంగా పాలే. మిగిలింది 36. రెండోసారి తీసింది? నీళ్లు కలిసిన పాలు. పాత్రలో పదో వంతు తీస్తే, ఉన్న పాలలోనూ పదో వంతే పోతుంది. అంటే 3.6 పోయి 32.4. మూడోసారి 3.24 పోయి 29.16 లీటర్లు. అంతే! ఇప్పుడు పుస్తకంలో ఫార్ములా తెరిచి చూడండి. మీరు చేసిన పనే అక్కడ కుదించి రాసి ఉంటుంది.

ఇక రోజూ ఇవి చేయండి:

1. బొమ్మ గీయండి. వంకరగా వచ్చినా పర్వాలేదు.

2. యూనిట్లు ముందే మార్చండి. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు ఉన్న సంప్ 3 ఘనపు మీటర్లు. చాలామంది అక్కడే ఆగిపోతారు. అడిగింది లీటర్లు! ఘనపు మీటరుకు 1000 లీటర్లు కాబట్టి జవాబు 3000. ఘనపు సెంటీమీటరంటే 1 మి.లీ. ఈ రెండూ నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

3. భిన్నాలొస్తే తేడా చూడండి. మూడో వంతు నిండిన ట్యాంకులో 150 లీటర్లు పోస్తే సగమైంది. తేడా ఆరో వంతు. ట్యాంకు 900 లీటర్లు.

ఈ రాత్రికి మీకో పని. 12 లీటర్ల పాత్ర నిండా పాలున్నాయి. పక్కన 8, 5 లీటర్ల ఖాళీ పాత్రలు. కొలత గీతలు లేవు. సరిగ్గా 6 లీటర్లు వేరు చేయాలి. ఫ్రెంచ్ గణితవేత్త పాయిజాన్‌ను లెక్కల వైపు లాగింది ఈ పజిలేనని చెబుతారు. 6 సార్లు ఒంపితే చాలు. పేపర్ మీద మూడు గళ్లు గీసుకుని మొదలుపెట్టండి.