విసుగు లేని పరుగు

“మైదానం చుట్టూ పది చుట్లు పరుగెత్తండి” అని మాస్టారు అనగానే ముఖాలు మాడిపోతాయి. మూడో చుట్టుకే కాళ్లు మొరాయిస్తాయి. అదే పిల్లలు సాయంత్రం చెడుగుడు మొదలుపెడితే చీకటి పడేదాకా ఇల్లు గుర్తుకు రాదు. నారాయణఖేడ్ దగ్గరి బోరంచలోనైనా, హైదరాబాదులోనైనా ఇదే తంతు. మరి చెడుగుడులో శ్రమ తక్కువా?

నాడి చూసి తేల్చుకుందాం. మణికట్టు మీద, బొటనవేలి వైపున, రెండు వేళ్లు మెల్లగా ఆనించండి. కదలకుండా కూర్చున్నప్పుడు మీ వయసు వారికి నిమిషానికి సాధారణంగా 60 నుంచి 100 లోపు కొట్టుకుంటుంది. పరుగు ఆపిన వెంటనే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. ఆలస్యం చేస్తే నాడి నెమ్మదించి లెక్క తప్పుతుంది. మరో రోజు చెడుగుడు ఆడి, అలాగే చూడండి. చెడుగుడు పరుగుకు ఏమీ తీసిపోదని మీకే తెలుస్తుంది.

పెద్దవారి గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున, నిమిషానికి దాదాపు 5 లీటర్ల నెత్తురు తోడుతుంది. తీవ్రమైన శ్రమలో ఇది 20 లీటర్లకు చేరగలదు. కండరాలు అడిగిన ప్రాణవాయువును అందించడమే దాని పని. అడిగింది పరుగా, ఆటా అన్న ఆరా దానికి అక్కరలేదు. రోజూ ఇలా పని చెబితే గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ నెత్తురు పంపడం నేర్చుకుంటుంది. అందుకే ఆటగాళ్లకు విశ్రాంతి వేళ నాడి నిదానంగా కొట్టుకుంటుంది.

విసుగు పుట్టేది మెదడులో. స్వీడన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ దీనికీ ఒక కొలబద్ద తయారుచేశాడు. పని ఎంత కష్టంగా తోస్తున్నదో 6 నుంచి 20 లోపు ఒక అంకెతో చెప్పాలి. 6 అంటే శ్రమే లేదు, 20 అంటే ఇక చేతకాదు. ఒకే పనిని పాట వింటూ చేసినప్పుడు చాలామంది తక్కువ అంకె చెబుతారు. శ్రమ మరీ మితిమీరితే మాత్రం పాట పనిచేయదు. అప్పుడు మనసంతా రొప్పు మీదే ఉంటుంది!

ఆ స్వీడన్‌లోనే 1930లలో గోస్టా హోల్మెర్ అనే శిక్షకుడు ‘ఫార్ట్‌లెక్’ అనే పద్ధతి పెట్టాడు. వారి భాషలో ఆ మాటకు ‘వేగంతో ఆట’ అని అర్థం. కొలిచిన చుట్లు లేవు. ఇష్టమైనప్పుడు వేగంగా, ఇష్టమైనప్పుడు నిదానంగా పరుగెత్తడమే. ఇలా సాధన చేసిన గుండర్ హేగ్ 1945లో మైలు పరుగులో నెలకొల్పిన రికార్డు 1954 దాకా చెక్కుచెదరలేదు.

బోరంచ పొలాల బాట మీద దీనికి ఖర్చేమీ లేదు. నలుగురు స్నేహితులు పొద్దున్నే బయలుదేరండి. ఒకరు “ఆ వేపచెట్టు దాకా వేగంగా!” అనాలి. తర్వాత గట్టు దాకా నడక. అక్కడ ఇంకొకరి వంతు. తర్వాతి గుర్తు ఏమిటో ముందు తెలియకపోవడంలోనే మజా ఉంది.

పరుగే ఇష్టం లేదంటారా? బతుకమ్మ చుట్టూ గంటల తరబడి వంగుతూ, చప్పట్లు చరుస్తూ తిరిగే మన అక్కలను చూడండి. అది వ్యాయామమని వారిలో ఎవరూ అనుకోరు. ఒకరు పాట అందుకుంటే మిగతావారు వంత పాడతారు, ఊపిరికి విరామం దొరుకుతుంది. మాట్లాడగలిగీ పాడలేకపోతే శ్రమ మధ్యస్థమని వైద్యులు చెప్పే గుర్తు. ఆ లెక్కన బతుకమ్మ తేలికే. అదే కోలాటం జోరందుకుంటే పాడటం కష్టమే!

కానీ బతుకమ్మ తొమ్మిది రోజులే. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది ఆడపిల్లలకు కూడా. ఎనిమిదో తరగతికి రాగానే “ఇంకా ఆటలేమిటి?” అని కూర్చోబెట్టే పెద్దలకు ఈ పేజీ చూపించండి.

ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ముందు వైద్యుణ్ణి అడగాలి. ఎండ ముదిరాక పరుగులు వద్దు. మిగతావారు ఒక వారం పాటు రోజుకొక ఆట ఆడి, నాడి ఒక వరుసలో, బోర్గ్ అంకె పక్క వరుసలో రాయండి. నాడి ఎక్కువగా, అంకె తక్కువగా వచ్చిన ఆట ఏదో వెతకండి.