న్యూట్రినో లెక్క తేల్చే పని

పార్టికల్ ఫిజిక్స్ అనగానే ఎమ్మెస్సీ విద్యార్థులకు జెనీవా, హిగ్స్ గుర్తొస్తాయి. న్యూట్రినో వెళ్లి పరమాణు కేంద్రకాన్ని తాకితే ఏమవుతుందో, ఎన్నిసార్లు తాకుతుందో కొలిచే పని గురించి అడిగేవాళ్లు అరుదు. మనవాళ్లకు దారి మాత్రం ఇక్కడా ఉంది.

న్యూట్రినోకు విద్యుదావేశం లేదు. డిటెక్టర్‌లో దాని జాడే కనబడదు. తాకిడిలో బయటపడిన మ్యూయాన్, ప్రోటాన్, పయాన్‌లను చూసి, వచ్చిన న్యూట్రినో శక్తి ఎంతో వెనక్కి లెక్కగట్టుకోవాలి. చిక్కంతా కేంద్రకంతోనే. లోపల పుట్టిన పయాన్ ఒక్కోసారి గడప దాటకుండానే అందులో కలిసిపోతుంది. మన కంటికది అసలు పయానే పుట్టని ఈవెంట్! న్యూట్రాన్ బయటికొచ్చినా చాలాసార్లు చేతికి చిక్కదు. శక్తి లెక్క అలా తప్పుతుంది.

ఈ తప్పును పట్టుకోవడానికే అమెరికాలోని ఫెర్మిల్యాబ్‌లో మినర్వా ప్రయోగం కార్బన్, ఇనుము, సీసం, నీరు, హీలియంలను ఒకే న్యూట్రినో పుంజానికి ఎదురుగా పెట్టి పోల్చింది. 2019లో డేటా సేకరణ ముగిసినా విశ్లేషణ ఆ తర్వాతా సాగింది. ఈ లెక్క అవసరమయ్యే రాబోయే డ్యూన్ ప్రయోగం ద్రవ ఆర్గాన్ వాడుతుంది. ఫెర్మిల్యాబ్‌కు 1,300 కిలోమీటర్ల అవతల, సౌత్ డకోటాలోని పాత బంగారు గనిలో దాని పెద్ద డిటెక్టర్లు ఉంటాయి. (బంగారు గనులకూ న్యూట్రినోలకూ చుట్టరికం కొత్తది కాదు. 1965లో మన పొరుగున కోలార్ గనుల్లో వాతావరణ న్యూట్రినోలు చిక్కాయి.)

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్ ఫెర్మిల్యాబ్ వారి నోవా న్యూట్రినో ప్రయోగంలో భాగస్వాములు. ఇందులోకి దారి ఇది: డిగ్రీ తర్వాత జామ్ రాసి ఎమ్మెస్సీ, ఆపై సీఎస్‌ఐఆర్-నెట్, జెస్ట్, గేట్‌లతో పీహెచ్‌డీ. జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. రోజూ చేసేది ఎక్కువగా కోడింగే: సీ++, పైథాన్, డేటా విశ్లేషణకు రూట్. సిమ్యులేషన్‌కు జియాంట్4, జీనీ. వీటన్నిటి కంటే స్టాటిస్టిక్స్ ముఖ్యం, మన సిలబస్‌లో చిన్నచూపు దానికే. ఈసీఈ చదివినవారికి రీడౌట్ ఎలక్ట్రానిక్స్ ఉంది. ఆర్గాన్‌ను మైనస్ 186 డిగ్రీల దగ్గర ద్రవంగా నిలపాలి కాబట్టి మెకానికల్ వాళ్లకూ చోటుంది.

ఒక మాట దాచను. పర్మనెంట్ ఫ్యాకల్టీ పోస్టులు తక్కువ. పోస్ట్‌డాక్ తర్వాత డేటా సైన్స్‌కు మళ్లేవారు చాలామందే. తమిళనాడు తేని జిల్లాలో తలపెట్టిన న్యూట్రినో అబ్జర్వేటరీ ఐఎన్‌ఓ ఏళ్లుగా ముందుకు కదల్లేదు, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు.

ఇష్టం ఉందో లేదో తేల్చుకోవడానికి ఫీజేమీ అక్కర్లేదు. జీనీ ఉచితం. కార్బన్‌కు, ఆర్గాన్‌కు లక్షేసి ఈవెంట్లు పుట్టించి, ఒక్కోదాన్నుంచి ఎన్ని పయాన్లు బయటపడ్డాయో గ్రాఫ్ గీయండి. ఇన్‌స్టాల్ చేయడానికే వారం పట్టొచ్చు, విసుగు రావచ్చు. ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టేటప్పుడు మార్కుల మెమోకు ముందు ఆ గ్రాఫ్ జతచేయండి.