వట్టిపోయిన ముసలి పశువు: చివరి రోజుల సంరక్షణ

సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు మేము ముందుగా చూచేది పాల సేకరణ రిజిస్టరు. లీటర్లు, వెన్న శాతం, చెల్లింపులు అన్నీ అందులో ఉంటాయి. పశువు వట్టిపోయిన రోజున దాని లెక్క ఆ పుస్తకంలో ఆగిపోతుంది. పాకలో మాత్రం అది ఇంకా రెండు మూడేళ్లు ఉండవచ్చును. పాలిచ్చే పశువుకు దాణా ఎంత, టీకా ఎప్పుడు అన్నది మన సభ్యులకు కంఠతా వచ్చును. ముసలి గేదె లేవలేక పడిపోయిన నాడు మాత్రం ఇంటిల్లిపాదికీ ఏమీ తోచదు. ఆ రోజు రాకముందే తెలుసుకోవలసిన సంగతులను ఈ పాఠంలో వివరిస్తున్నాము.

1. మేత, నీరు

పశువుకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి. అవి 8. వయసు మీరిన కొద్దీ ఇవీ, లోపలి దంతాలూ అరిగి, కదిలి, సందులు పడతాయి. సగం నమిలిన గడ్డి ఉండలు గాడిలో కనిపిస్తే పశువుకు ఆకలి లేదనుకోరాదు. నమలలేకపోతున్నదని గ్రహించవలెను. చొప్పను చిన్న ముక్కలుగా నరికి, నీళ్లు చల్లి మెత్తబరచి పెట్టండి. లేత పచ్చిగడ్డి, తడిపిన తవుడు, నానబెట్టిన తెలగపిండి కొద్దికొద్దిగా రోజుకు నాలుగుసార్లు ఇవ్వండి. జాలిపడి అన్నం, గంజి ఒక్కసారే ఎక్కువగా పెట్టవద్దు. అవి కడుపులో పులిసి ప్రాణం మీదికి తెస్తాయి. తొట్టి దాకా నడవలేని పశువుకు నీళ్లు దాని ముందుకే తేవలెను.

"మరొక్క ఈత ఈనకపోతుందా" అన్న ఆశ మనకు సహజం. కాని ఎముకలు తేలిన పశువును కట్టించే ముందు డాక్టరుకు చూపించండి. చూలు మోయలేక ఈతలోనే తల్లీ దూడా పోతే రెండు విధాలా నష్టం.

2. పడిపోయినప్పుడు

పడిపోయిన ప్రతి పశువూ ముసలితనం వల్లే పడిందని నిర్ణయించరాదు. ఈనిన రెండు మూడు రోజుల్లో పడిపోతే అది పాలజ్వరం కావచ్చును. మూడో ఈత దాటిన పశువులకు ఇది ఎక్కువ. డాక్టరు సకాలంలో నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలా పశువులు కొద్ది గంటల్లోనే లేచి నిలబడతాయి. కావున వయసు సాకుతో ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు కబురు చేయండి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం కూడా వస్తుంది.

డాక్టరు వచ్చేలోగా పశువును రొమ్ము మీద కూర్చోబెట్టి, రెండు పక్కలా గడ్డి నింపిన గోతాలు ఆనించండి. పూర్తిగా పక్కకు వాలితే కడుపు ఉబ్బి ఊపిరాడదు. కింద ఇసుక గాని, వరిగడ్డి గాని మందంగా పరవండి. పశువు బరువు ఒకే కాలి మీద గంటల తరబడి పడితే ఆ కాలి కండ, నరం చెడిపోతాయి. అందుచేత మూడు నాలుగు గంటలకొకసారి పక్క మార్చవలెను. తోక పట్టి లాగుట, నడుముకు తాళ్లు కట్టి దూలానికి వేలాడదీయుట చేయకూడదు. పడుకున్న పశువు నోట్లో గొట్టంతో గంజి పోయరాదు. అది పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గేదెను తిప్పడానికి నలుగురైదుగురు కావలెను. ఒక్క ఇంటివారికి, అందునా రాత్రి వేళ, ఇది సాధ్యం కాదు. ఇరుగుపొరుగు సభ్యులు వంతులు వేసుకుని సాయపడవలెను. పాలు పోయడంలో ఉన్న సహకారం ఇక్కడ కూడా ఉండాలి.

3. నొప్పి, మందులు

పళ్లు కొరుకుట, మూలుగు, చెవులు వాల్చుట, నెమరు మానుట నొప్పికి గుర్తులు. మందుల షాపులో తోచిన ఇంజక్షను కొనవద్దు. డైక్లోఫెనాక్ వేసిన పశువు కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయినందున 2006లో పశువులకు ఆ మందు నిషేధించబడింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉన్నది. దానినైనా డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడవలెను.

4. ఇక లేవదని తేలినప్పుడు

డాక్టరును సూటిగా అడగండి: లేచే అవకాశం ఉందా, ఎన్నాళ్లు చూడాలి, ఖర్చు ఎంత అవుతుంది. ఈ మూడు ప్రశ్నలు అడగడానికి మొగమాటపడి అప్పులు చేసిన ఇళ్లు మేము చూశాము. అడగకనే పశువును రోడ్డు పక్కన వదిలిన వారినీ చూశాము. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం మేత, నీరు, నీడ ఇవ్వకపోవుట, ఆకలిదప్పులకు వదిలివేయుట నేరం.

కోలుకోలేని బాధలో ఉన్న పశువుకు ప్రాణవిముక్తి కలిగించే విషయమై అదే చట్టంలో 13వ సెక్షను ఉన్నది. రాష్ట్ర చట్టాల నిబంధనలు కూడా వర్తిస్తాయి. కావున ఇది ప్రభుత్వ పశువైద్యుడు పరీక్షించి చెప్పవలసిన విషయం. సొంతంగా గాని, నాటు వైద్యుని చేత గాని చేయించరాదు. మనసొప్పని వారిని ఎవరూ బలవంతపెట్టరాదు. అట్టి ఇంట నొప్పి తగ్గించే మందు, నీడ, నీరు, పొడి పక్క చివరి దాకా అందాలి. రోజూ పాలు పితికిన మనిషి చేతి నుంచి మేత అందుకోవడం దానికి అలవాటు. ఆ మనిషే దగ్గర ఉంటే పశువు బెదరదు.

5. చనిపోయిన తర్వాత

బీమా ఉన్నట్లయితే పూడ్చక ముందే కంపెనీకి తెలిపి, చెవి బిళ్ల భద్రపరచండి. హఠాత్తుగా చనిపోయి ముక్కు, నోటి నుంచి నల్లని రక్తం కారితే దొమ్మ వ్యాధిగా అనుమానించవలెను. అట్టి కళేబరాన్ని కోయరాదు, తోలు ఒలవరాదు. వెంటనే డాక్టరుకు తెలపాలి. ఏ కళేబరాన్నైనా బావులకు, చెరువులకు దూరంగా 6 అడుగుల లోతున సున్నం చల్లి పూడ్చాలి.

సంఘ సమావేశంలో చర్చించుటకు

1. మన గ్రామంలో పాలు మానిన పశువులు ఎన్ని ఉన్నవి?
2. రాత్రి వేళ పశువు పడిపోతే సాయానికి ఎవరిని పిలవాలి? ఆ పేర్లు సంఘం గోడ మీద వ్రాసి ఉన్నవా?
3. పూడ్చడానికి ఊరికి దూరంగా స్థలం గుర్తించబడినదా?

ఈ మూడింటికి జవాబులు మినిట్సు పుస్తకంలో వ్రాయించండి. వచ్చే తనిఖీలో పాల రిజిస్టరుతోపాటు ఆ పేజీ కూడా చూస్తాము.