నడుమునొప్పి: మంచం పట్టకండి, మెల్లగా కదలండి

నడుములో పుట్టే నొప్పిని ఆయుర్వేదంలో కటిశూల అంటారు. అది నడుముతో ఆగక పిరుదు, తొడ, పిక్కల మీదుగా పాదం వరకు పాకితే గృధ్రసి అంటారు. గృధ్రమనగా రాబందు. రోగి నడక రాబందు నడకను పోలి ఉంటుంది గనుక ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. చరకుడు గృధ్రసిని ఎనభై వాతరోగాలలో ఒకటిగా పేర్కొన్నాడు.

నేను అమీన్‌పూర్‌లో వైద్యం చేస్తున్నాను. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల నుండి నా వద్దకు వచ్చేవారిలో నడుమునొప్పి బాధితులు ఎక్కువ. డ్రమ్ములు ఎత్తేవారు, షిఫ్టంతా ఒకేచోట నిలబడేవారు, ముంబయి రహదారిపై లారీలు నడిపేవారు, నీళ్ళ బిందెలు మోసి వంగి పని చేసుకునే గృహిణులు, అందరిదీ ఇదే బాధ.

నేను చేసిన పొరపాటు

చాలా సంవత్సరాల క్రితం ఒక కాంట్రాక్టు కార్మికుడు నడుము పట్టేసి వచ్చాడు. వయస్సు ముప్పై అయిదు. తైలమిచ్చి, బెల్టు కట్టుకొమ్మని, నెల రోజులు మంచం దిగవద్దని చెప్పాను. ఆనాడు చాలామంది వైద్యులు చెప్పిన మాటే అది. నెల గడిచాక భార్య భుజం పట్టుకొని వచ్చాడు. “సార్, మీరు చెప్పినట్టే పండుకున్న. నొప్పి పోలే, నౌకరి పోయింది” అన్నాడు. ఆ మాట నేటికీ నా చెవిలో ఉంది. తప్పు అతనిది కాదు, తైలానిది కాదు. నాది.

విశ్రాంతి ఎంతవరకు?

నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు నడుము వాల్చడంలో దోషం లేదు. అంతకు మించితే వెన్నును నిలబెట్టే కండరాలు బలహీనపడతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, కదిలితే ఏమవుతుందోనన్న భయం మనస్సులో పాతుకుంటుంది. 1995లో ఫిన్లాండు దేశపు హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిపై జరిపిన పరిశోధనలో, పడక విశ్రాంతి తీసుకున్నవారి కంటే ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుమునొప్పికి విడుదల చేసిన మార్గదర్శకాలలో వ్యాయామాన్ని, రోగికి అవగాహన కల్పించడాన్ని సిఫారసు చేసింది. బెల్టులు, ట్రాక్షన్ మామూలు చికిత్సగా వద్దన్నది.

ఎం.ఆర్.ఐ.లో “డిస్కు ఉబ్బింది” అని రాగానే బెంబేలు పడకండి. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవారిలో సుమారు 30 శాతం మందికి, ఎనభై ఏళ్ళవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుందని 2015లో వెలువడిన ఒక సమీక్ష తెలిపింది. తలవెంట్రుకలు నెరసినట్లే ఇదీ చాలావరకు వయస్సు గుర్తు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

మల మూత్రాలపై అదుపు తప్పడం, మూత్రం బిగియడం, తొడల సందున తిమ్మిరి, కాలు బలం తగ్గడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిపోయిన తరువాత వచ్చిన నొప్పి, గతంలో క్యాన్సరు ఉండటం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గృహవైద్యం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఉపశమనం కొరకు

గోరువెచ్చని నువ్వుల నూనెను గానీ, మహానారాయణ తైలాన్ని గానీ నడుముకు మృదువుగా మర్దించి, పదిహేను నిమిషాలు కాపడం పెట్టాలి. వేయించిన ఉప్పు మూట, వావిలాకు వేసి మరగించిన నీటిలో ముంచి పిండిన గుడ్డ, రెండూ మంచివే. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారు వేడిని ముందుగా ఇతరుల చేతితో పరీక్షింపజేసుకోవాలి. మినపపిండి కట్టలో వెచ్చని తైలం నిలిపే కటివస్తిని వైద్యుని వద్దనే చేయించుకోవాలి. ఇవన్నీ బిగుసుకున్న నడుమును సడలించి, కదలడానికి వీలు కల్పించేవి. నడుముకు బలమిచ్చేది మాత్రం కదలికే. పేరు లేని పొట్లాల పొడులు వాడకండి. వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉండవచ్చును.

పునరావాస క్రమం

మొదటి వారం: రోజుకు నాలుగుసార్లు, అయిదేసి నిమిషాలు ఇంట్లోనే నడవాలి. వెల్లకిల పడుకొని ఒక్కొక్క మోకాలిని రొమ్ము వైపు తెచ్చి, పది లెక్కించే వరకు ఉంచి వదలాలి. ఇలా అయిదుసార్లు. దీనివలన నొప్పి కాలిలోకి దిగితే మానాలి.

రెండు, మూడు వారాలు: సేతుబంధాసనం ఎనిమిది సార్లు, మార్జాలాసనం ఎనిమిది సార్లు. తరువాత చేతులు, మోకాళ్ళపై నిలిచి ఎదురెదురు చేతిని, కాలిని చాచాలి. నడకను పదిహేను నిమిషాలకు పెంచాలి.

నాలుగవ వారం నుండి: కుర్చీలో కూర్చొని చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేవాలి. రెండు కిలోల సంచితో మొదలుపెట్టి, వారం వారం బరువు పెంచుతూ ఎత్తడం అభ్యసించాలి. బరువును శరీరానికి దగ్గరగా పట్టుకొని, మోకాళ్ళు వంచి లేవాలి. ఎత్తుతూ నడుము తిప్పరాదు.

వ్యాయామంలో కొద్దిపాటి నొప్పికి భయపడనవసరం లేదు. మరునాటి ఉదయం అది పెరిగి ఉంటే సగానికి తగ్గించండి, పూర్తిగా మానకండి.

తగ్గిన తరువాత

చాలామంది ఇక్కడే మానేస్తారు, నొప్పి తిరిగి వస్తుంది. 2024లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో 701 మంది పాల్గొన్నారు. వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట నడక లక్ష్యంగా పెట్టుకున్నవారికి నొప్పి తిరిగి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టగా, అలాంటి శిక్షణ లేనివారికి 112 రోజులే పట్టింది. నడకకు ఖర్చు లేదు. దానితోపాటు మలబద్ధకం కలుగకుండా ఆకుకూరలు, తగినంత నీరు తీసుకోవాలి. పొగాకు మానాలి. అరగంటకు మించి ఒకే భంగిమలో కూర్చోరాదు.

ఆ కార్మికునికి నా పొరపాటును చెప్పి, ఈ క్రమాన్నే మొదలుపెట్టించాను. మొదట్లో నమ్మలేదు. అతని భార్య రోజూ వెంట నడిచి నమ్మించింది. నాలుగు నెలలకు వేరొకచోట పనిలో చేరాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు మా చెరువు కట్ట మీద ఎదురవుతాడు. ఆగి మాట్లాడుకోము. నడుస్తూనే మాట్లాడుకుంటాము.