బీద సంఘము సముద్రము దాటి ఇయ్యగలదా?

వేదపాఠము: 2 కొరింథీయులకు 8, 9 అధ్యాయములు, రోమీయులకు 15:25–32



తిరువూరు చుట్టుపట్ల గ్రామములలో కోతపండుగ ఎట్లు జరుగునో మీకు మేము చెప్పనక్కరలేదు. గుమ్మడికాయలు, మిరపకాయల బస్తా, మొక్కజొన్న కంకులు, కాళ్లు కట్టిన కోడిపుంజు, ఎవరో యొక తల్లి గంపలో తెచ్చిన గ్రుడ్లు, ఇవన్నియు బల్లయెదుట పెట్టి, ఆరాధన ముగిసిన పిమ్మట వేలము పాడుదురు. కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి యొక చిన్న సంఘములో వేలము సొమ్ము లెక్కపెట్టుచుండగా ఒక యౌవనుడు లేచి, ఇందులో పదియవ వంతు ఆఫ్రికాలోని తుపాను బాధితులకు పంపుదమని మనవి చేసెను. 2019 మార్చి నెలలో ఇదాయ్ అను తుపాను మొజాంబిక్ దేశపు బైరా పట్టణముమీద పడి, ఆ దేశములోను ప్రక్కనున్న జింబాబ్వే, మలావీ దేశములలోను కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయిన సంగతి అతడు చదివియుండెను.

సంఘపెద్దలలో ఒకరికి కోపము వచ్చినది. "అబ్బాయీ, తల పైకెత్తి చూడు. మన గుడి రేకులు కారుచున్నవి. పాస్టరుగారి జీతము రెండు నెలలది బాకీయున్నది. పైదేశమువారు మనకు పంపవలసినది గాని, మనము పైదేశమునకు పంపుట యేమి?" అనిరి. చాలమంది తలలూపిరి. ఆ మాటలో అబద్ధమేమియు లేదు. కూర్చున్నవారిలో సగముమంది కౌలురైతులు, మిగిలినవారు మిరపకోతలకు పోవు కూలివారు.

అప్పుడు దివిసీమనుండి ఆ ఊరికి కోడలుగా వచ్చిన యొక ముసలితల్లి కూర్చున్నచోటనుండియే పలికినది. "ఏమయ్యా, ఉప్పెననాడు మా పుట్టింటివారు తిన్న బియ్యము ఎవరు పంపిరో నాకు తెలియదు. పంపినవారి గుడికి రేకులున్నవో లేవో అదియు తెలియదు."

1977 నవంబరు 19వ తేదీ రాత్రి వచ్చిన ఆ ఉప్పెనలో పదివేలకు తక్కువ కాకుండ ప్రాణములు పోయినవి. ఆ తల్లి మాటకు ఎవరును బదులు చెప్పలేదు. తీర్మానము వచ్చే ఆదివారమునకు వాయిదా పడినది. మేమును ఆ దినమున అక్కడ నుంటిమి. ఇంటికి వచ్చి, దీనిని గూర్చి పౌలు ఏమి వ్రాసెనో చూతమని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక తెరచితిమి.

యెరూషలేములోని పరిశుద్ధులు బీదలైరి. క్లౌదియ చక్రవర్తి కాలమున కరవు వచ్చెనని అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయము చెప్పుచున్నది. వారి కొరకు పౌలు అన్యజనుల సంఘములలో చందా ఎత్తుచుండెను. కొరింథు ఓడల వ్యాపారము గల పట్టణము, సొమ్ము గల సంఘము. ఏడాది క్రిందటనే ఇత్తుమని మాటయిచ్చి, ఇంకను ఇయ్యలేదు. ఆ కొరింథువారిని హెచ్చరించుటకు పౌలు ఎవరిని ఉదాహరణగా తెచ్చెను? ధనవంతులైన మరియొక సంఘమును కాదు. ఫిలిప్పీ, థెస్సలొనీక, బెరయ మొదలగు మకెదోనియ సంఘములను తెచ్చెను. వారు బహు శ్రమలోను, అడుగంటిన బీదతనములోను ఉన్నవారు. 8వ అధ్యాయము 4వ వచనము జాగ్రత్తగా చదువుడి. పౌలు వారిని బతిమాలలేదు. ఈ సహాయములో మాకును పాలు ఇయ్యుమని వారే పౌలును బతిమాలిరి! వీరు బీదవారు కదా, వీరిని అడుగరాదని పౌలు మొదట అనుకొనెనేమో అని మాకు తోచుచున్నది. పత్రికలో ఆ మాట లేదు గనుక ఇది మా ఊహయే. గాని అడుగకుండ విడిచిపెట్టబడుట కూడ బీదవానికి ఒక అవమానమే. పెండ్లి చదివింపులలో వీడు ఏమి ఇయ్యగలడులే అని పేరు పిలువక దాటిపోయిన, ఆ మనుష్యుని మనస్సు ఎట్లుండును?

విధవరాలి రెండు కాసుల ప్రసంగము మనము చాలసార్లు వింటిమి. అది తరచుగా కానుకపళ్లెము వచ్చుటకు ముందే చెప్పబడును గనుక, ఆమె తన గుడికి ఇచ్చినదనియే మనకు జ్ఞాపకము. మకెదోనియవారైతే తాము ఎన్నడును చూడని, తమ భాష కాదు, తమ జాతి కాదు, అట్టివారికి సముద్రము దాటించి పంపిరి.

ఇది ఆ కాలపు మాట, మనవారివలన అగునా అందురేమో. మనవారే చేసిరి. ఇది ప్రతి తెలుగు క్రైస్తవుడును తెలిసికొనదగిన సంగతి గనుక కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాలు దేశపు డర్బను రేవు చేరెను. చెరకుతోటల కొరకు అయిదేండ్ల ఒప్పందముమీద తీసికొనిపోబడిన మొదటి భారతదేశపు కూలీలు దానిలో నుండిరి. 1911లో ఆ పద్ధతి నిలిచిపోవునప్పటికి సుమారు ఒక లక్ష యేబదిరెండు వేలమంది అట్లు పోయిరి. వారిలో తమిళులతో పాటు మన ఉత్తర జిల్లాల తెలుగువారు అనేకులు. మొదటి యేడు మగవానికి నెలకు పది షిల్లింగుల జీతము, ఆ పిమ్మట ఏటికి ఒక షిల్లింగు హెచ్చు. అనగా మొదటి సంవత్సరమంతటికి ఆరు పౌనులు. 1895లో వచ్చిన చట్టముచొప్పున, ఒప్పందము తీరిన పిమ్మట అక్కడనే స్వతంత్రముగా నిలువగోరినవాడు ఏటేట మూడు పౌనుల పన్ను కట్టవలసివచ్చెను. ఆరింటిలో మూడు! 1914లో గాని ఆ పన్ను పోలేదు. పన్ను కట్టలేక తిరిగి ఒప్పందములో పడినవారు ఎందరో.

ఆ కూలీలలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘములనుండి పోయిన విశ్వాసులు కొందరుండిరి. కాపరి లేని ఆ తెలుగువారి కొరకు, ఇక్కడి సంఘములు తామే ఏర్పరచుకొనిన తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ 1903లో జాన్ రంగయ్యగారిని ఓడ యెక్కించి పంపెను. ఆ సంవత్సరము చివరనే నేటాలులో తేయాకు తోటలు గల కియర్స్నీ యను చోట ఒక తెలుగు బాప్టిస్టు సంఘము కట్టబడెను. 1915లో తాను మరణించువరకు రంగయ్యగారు తోటల కూలీల మధ్యనే పనిచేసిరి.

ఆయనను పంపినవారెవరు? ఒంగోలు సంఘములలో అత్యధికులు మాదిగ కుటుంబములవారు, తోలుపనియు పొలముకూలియు చేసి బ్రతికినవారు. వారి యిండ్లలో 1876–78 నాటి గొప్ప కరవును చూచినవారు ఇంకను బ్రదికియుండిరి. ఆ కరవులో జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చినవారికి పని యిచ్చి కూలి యిచ్చిరి. కరవు పని సాగినంతకాలము ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యక ఆపియుంచిరి. గింజల కొరకు మతములో చేరిరను నింద వారిమీదికి రాకూడదనియు, గింజల కొరకు ఎవరును చేరకూడదనియు ఆయన తలంపు. కరవు సాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. కూలిగింజలతో ప్రాణము నిలుపుకొనిన ఆ తరము, వారి పిల్లలు, పాతికేండ్లు తిరుగునప్పటికి సముద్రమునకు అవతల కూలివాని కొరకు అణా, అర్ధణా కూర్చి మనిషిని పంపిరి. వారి గుడులకు అప్పుడు రేకులు ఎక్కడివి? తాటాకు కప్పులే.

మన దోర్నకల్లు ప్రాంతమునకు సువార్త పనివారు వచ్చినది కూడ ఆ 1903లోనే పాళయంకోటలో ఏర్పడిన తిరునెల్వేలి సంఘముల మిషనువలననే. వారు తమిళులు, మన భాష నేర్చుకొని వచ్చిరి. 1912లో దోర్నకల్లు బిషప్పైన వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు వారిలోనివారే. ఆయన దినములలో మన తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడెల్ల పిడికెడు బియ్యము వేరే కుండలో వేయుట నేర్చుకొనిరి. మిజోరములోని సంఘములలో స్త్రీలు 1910లో మొదలుపెట్టిన పిడికెడు బియ్యపు కానుక నేటికిని సాగుచున్నది. వేల్సు దేశపువారు వారికి సువార్త తెచ్చిరి. ఇప్పుడు ఆ బియ్యము తినిపెరిగిన సంఘమువారు వేల్సుకే పనివారిని పంపిరి.

ఇక ఇచ్చు విధమును గూర్చి. రోమా 15:31లో పౌలు ఒక వింతైన ప్రార్థన కోరుచున్నాడు. తాను తీసికొనిపోవు సహాయము యెరూషలేములోని పరిశుద్ధులకు అంగీకారమగునట్లు ప్రార్థించుడనుచున్నాడు. ఆకలిగొన్నవారు అంగీకరింపకపోవుదురా? ఇచ్చువాడు ఎప్పుడును ఈ ప్రశ్న వేసికొనడు. తీసికొనిన మనకు మాత్రము తెలియును. మా చిన్నతనములో మా పల్లెకు ఒకసారి దుప్పట్లు పంచువారు వచ్చిరి. మేలుచేయుటకే వచ్చిరి, అందులో సందేహము లేదు. గాని పిల్లలనందరిని వరుసగా నిలువబెట్టి, దుప్పటి చేతికిచ్చి, ఫోటో తీసి, ఫోటో బాగుగా రాలేదని దుప్పటి వెనుకకు తీసికొని మరల ఇచ్చిరి. ఆ దుప్పటి చాల సంవత్సరములు మా యింట నుండెను, వెచ్చగానే యుండెను. కప్పుకొనినప్పుడెల్ల ఆ వరుస జ్ఞాపకము వచ్చెడిది. కనుక మనము బైరా పట్టణపు వారికి పంపినను, మరెవరికి పంపినను, వారి పిల్లల ఫోటోలు మనకు అక్కరలేదు. 8:13–14 వచనములలో పౌలు కోరినది సమానత్వము. నేడు నీ కలిమి వాని లేమికి, రేపు వాని కలిమి నీ లేమికి. అట్లనగా ఇచ్చువాడు మెట్టుపైనను, పుచ్చుకొనువాడు మెట్టు క్రిందను నిలువబడిలేరు.

లెక్కల విషయములో పౌలు మనకంటె ఎంతో కఠినుడు. తానొక్కడే సొమ్ము మోయనొల్లక, తీతును, సంఘములు ఏర్పరచిన సహోదరులను జతచేసెను. దేవునియెదుట మాత్రమే కాదు, మనుష్యులయెదుటను యోగ్యముగా నుండవలెనని 8:20–21లో వ్రాసెను. "ఆయన పాస్టరుగారు గదా, లెక్క అడుగవచ్చునా" అను మర్యాద మనలో కలదు. ఆ మర్యాద పౌలునకు తెలియదు. మన కాలములో ప్రభుత్వపు చట్టములు కూడ కలవు. విదేశములనుండి వచ్చు కానుకలకు 2010 నాటి చట్టము, దానికి 2020లో వచ్చిన సవరణయు వర్తించును. ఇక్కడనుండి బయటికి పంపు సొమ్మునకు వేరే నియమములున్నవి. కనుక ఏ పల్లెసంఘమును ఫోనులో వచ్చిన ఖాతా నంబరునకు తనంతట తాను పంపకూడదు. డయాసిస్ పెద్దల నడిగి, సరియైన మార్గమున పంపి, రసీదు తీసికొనవలెను. కన్నీటి కథలు చెప్పి మోసము చేయువారు ఈ దినములలో బహుగా నున్నారు.

ఆ సంఘములో వాయిదాపడిన తీర్మానము ఏమైనదో చెప్పి ముగింతుము. మరుసటి ఆదివారము పాస్టరుగారు 2 కొరింథీ 8వ అధ్యాయము మొత్తము చదివించిరి, ప్రసంగము చేయలేదు. వేలము సొమ్ములోనుండి పాస్టరుగారి బాకీ తీర్చి, మిగిలినదానితో బల్లపైనున్న రేకులు రెండు మార్చవలెనని ఒప్పుకొనిరి. తుపాను బాధితుల కొరకు వేలము సొమ్ము ముట్టక, శ్రమదినములు నలువదియు ఇంటింట పిడికెడు బియ్యము తీయవలెనని ఆ ముసలితల్లి అనగా అందరికి సమ్మతమాయెను. శనివారము శనివారము స్త్రీల సమాజమువారు బియ్యము తూచి, వెలకట్టి, పుస్తకములో వ్రాసిరి. కొన్ని యిండ్లలో పిడికెడు, కొన్నింట చారెడు. ఒక యింటివారు రేషను బియ్యమే తిందురు గనుక అదే తెచ్చిరి, దానిని విడిగా పెట్టక కలిపియే తూచిరి. మొత్తము మూడువేల నాలుగువందల రూపాయలు తేలినవి. దానిని డయాసిస్ కార్యాలయమునకు తీసికొనిపోవుటకు ఇద్దరిని ఏర్పరచిరి. ఒకడు ఆ యౌవనుడు. రెండవవారు, రేకులు కారుచున్నవని కోపపడిన పెద్దగారు. వారే అడిగి మరి ఆ పని తీసికొనిరి. రసీదు తెచ్చి గుడి తలుపు లోపలివైపున అంటించిరి.